వేసవి పరిశోధనకు తెలుగు వికీసోర్స్: ఒక అధ్యాపకురాలి సమీక్ష

డిగ్రీ కళాశాలలో తెలుగు చెప్పే నేనూ, చరిత్ర చెప్పే మా సహాధ్యాపకులొకరూ, బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థులు కొందరూ కలిసి గత వేసవి సెలవుల్లో తెలుగు వికీసోర్స్ మీద పనిచేశాం. పాత పుస్తకాల స్కాన్ ప్రతులను పుట పుటా సరిచూసి, వెతకడానికి వీలైన పాఠ్యంగా మార్చే ఈ ఉచిత వేదికను వికీమీడియా ఫౌండేషన్ నడుపుతోంది. అందులో పనిచేసేవాళ్ళు స్వచ్ఛంద సేవకులు. కావలసిన పుస్తకం దొరికితే చదువుకుని వెళ్ళిపోయే పాఠకుల దృష్టితో దీన్ని గురించి రాసినవారు ఇంతకుముందే ఉన్నారు కనుక ఆ సంగతి ఇక్కడ ఎత్తుకోను. సాహిత్యం, చరిత్ర వంటి విషయాలలో అధ్యాపకులూ విద్యార్థులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని సెలవుల్లో ఒక పరిశోధన చేయాలనుకుంటే ఈ వేదిక ఏ మేరకు అక్కరకొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో మాత్రమే చెప్తాను.

సైన్సు చదివే విద్యార్థికి వేసవి రాగానే వెళ్ళడానికి చోట్లున్నాయి. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఏటా ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్పు వస్తే ఏదో ఒక ప్రయోగశాలలో ఒక శాస్త్రవేత్త దగ్గర రెండు నెలలు పని నేర్చుకుని రావచ్చు. తెలుగో చరిత్రో చదివే విద్యార్థికి అంత పేరూ అంత నిలకడా ఉన్న ఏర్పాటు నాకైతే కనిపించలేదు. పైగా ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్పును తప్పనిసరి చేసిన తరువాత, మొదటి ఏడాది వేసవిలో సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది వేసవిలో ఇంటర్న్‌షిప్పు చేయవలసి వస్తోంది. కామర్స్ పిల్లలు ఆడిటర్ల దగ్గరికో దుకాణాలకో వెళ్తారు, కంప్యూటర్ పిల్లలు కంపెనీలు చూసుకుంటారు. మా పిల్లలు మాత్రం ఎవరో ఒకరి సంతకం ఉన్న సర్టిఫికెట్ కోసం తిరిగి, చేయని పనిని లాగ్‌బుక్కులో అందంగా నింపుకొస్తారు. ఈ తంతు చూసి విసిగిపోయి, ఆ రెండు నెలల్లో నిజంగా ఏదైనా చేయించగలమా అన్న ఆలోచనతో మేము వికీసోర్స్ వైపు వెళ్ళాం. విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు కొన్నేళ్ళ క్రితం ఇందులో పనిచేశారన్న సంగతి కూడా కొంత ధైర్యమిచ్చింది.

మేము ఎంచుకున్న విషయం వీధిబడి. ఇసుకలో వేలు పెట్టి అక్షరాలు దిద్దడం, గుంట ఓనమాలు, పెద్ద బాలశిక్ష, గోడకుర్చీ, కోదండం వంటి శిక్షలు, దసరాకు పంతులుగారు పిల్లలను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగి మామూళ్ళు పుచ్చుకోవడం అందరూ ఎంతో కొంత విన్నవే. అయితే ఆ బడిలో కూర్చున్నవాళ్ళు పెద్దయ్యాక తమ ఆత్మకథల్లో దేన్ని వివరంగా గుర్తుచేసుకున్నారు, దేన్ని ఒక్క వాక్యంలో దాటేశారు అన్నది పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది. కందుకూరి వీరేశలింగం, ఆదిభట్ల నారాయణదాసు, చిలకమర్తి లక్ష్మీనరసింహం, టంగుటూరి ప్రకాశం, ఈ నలుగురి బాల్యం పంతొమ్మిదో శతాబ్దంలోనే గడిచింది; నలుగురూ తమ కథ తామే చెప్పుకున్నారు. పుస్తకం మొత్తాన్ని తలకెత్తుకోకుండా, బాల్యం గురించి చెప్పిన ప్రకరణాల వరకే తలా కొంత పంచుకున్నాం.

ఇక పని జరిగే తీరు. తెర మీద ఒక పక్క స్కాన్ చేసిన పుట బొమ్మ, దాని పక్కనే పాఠ్యం ఉంటాయి. పాఠ్యాన్ని ముందుగా యంత్రమే చదివి పెడుతుంది. దాన్ని బొమ్మతో పోల్చి, తప్పులు సవరించి, అచ్చుదిద్దినట్టు గుర్తు పెడితే, పుస్తకం సూచికలో ఆ పుట అంకె వెనక ఉన్న ఎరుపు పోయి పసుపు వస్తుంది. రెండో మనిషి వచ్చి అదే పుటను మళ్ళీ బొమ్మతో పోల్చి ఆమోదిస్తే ఆకుపచ్చ అవుతుంది. ఖాళీ పుటలకు బూడిద రంగు, చిక్కులున్న పుటలకు వేరే రంగు. పుటను పసుపు చేసినవారికి దాన్ని ఆకుపచ్చ చేసే అవకాశం ఉండదు, వారు ఎంత పెద్ద పండితులైనా సరే. ఈ వేదికను తయారుచేసినవాళ్ళు తప్పులు తగ్గించడానికి పెట్టుకున్న నియమమిది. కానీ గురుశిష్యులు కలిసి పనిచేయడానికి దీనికి మించిన ఏర్పాటు నేను ఇంతవరకు చూడలేదు, ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పదలచినది కూడా ఇదే.

మన తరగతి గదిలో అధ్యాపకుడు ముందు చదువుతాడు, అర్థం చెప్తాడు, విద్యార్థి ఆ అర్థాన్ని రాసుకుంటాడు. ఇక్కడ విద్యార్థి ముందు చదువుతాడు. ఆ మాట ఏమిటో, ఆ వాక్యం ఎక్కడ ఆగుతుందో మొదట నిర్ణయించేది అతనే. అధ్యాపకుడు తరువాత వచ్చి ఒప్పుకోవాలి, లేదా ఎందుకు ఒప్పుకోడో చెప్పాలి. కొన్ని పుటలను మేమే ముందు చేసి విద్యార్థుల ఆమోదానికి వదిలాం. నేను పసుపు చేసిన ఒక పుటను మా విద్యార్థిని ఆకుపచ్చ చేయకుండా ఆపేసి, "మేడమ్, ఇది ద కాదండీ, ధ. పెద్దది చేసి చూడండి, కింద ఒత్తు సగం అరిగింది" అని చూపించింది. తరగతిలో నోరు విప్పని పిల్ల ఆమె. తెర మీద బొమ్మ సాక్ష్యంగా ఉంది కాబట్టి, అధ్యాపకురాలిని దిద్దడానికి ఆమెకు వేరే ధైర్యం అవసరం కాలేదు.

మరో పుటలో గ్రంథాలయం వారి గుండ్రటి ముద్ర సరిగ్గా ఒక అంకె మీద పడింది. పంతులుగారికి ముట్టే సొమ్ము గురించిన వాక్యం కనుక ఆ అంకె మాకు కావాలి. తెలుగు అంకెల్లో అచ్చయిన ఆ గుర్తు నాకు ౨లా కనిపించింది, దాన్ని ముందు చదివిన కుర్రాడికి ౩లా కనిపించింది. చరిత్ర మాస్టారు ఇద్దరి మాటా పక్కన పెట్టి, అదే పుస్తకంలో పుటల అంకెల దగ్గరికి వెళ్ళి, అదే అచ్చులో ౨, ౩ ఎలా ఉన్నాయో వరుసగా చూపించమన్నారు. ఆ అచ్చులో ౩ కింది వంపు ముద్ర అంచు దాటి బయటికి రావాలి, ఇక్కడ రాలేదు. దాంతో నా మాటే నిలిచిందనుకోండి, కానీ అసలు లాభం అది కాదు. పాఠ పరిష్కరణ అన్న పేరుతో పరీక్షకు పాయింట్లుగా చదివే పని ఎలా ఉంటుందో ఆ కుర్రాడు కళ్ళారా చూశాడు. చర్చ పేజీలో అతనే రెండు వాక్యాలు రాసి, ఆ అంకెను ఎందుకు అలా చదివామో నమోదు చేశాడు.

యంత్రం తెలుగును మునుపటికన్నా చాలా మెరుగ్గా చదువుతోంది, నిజమే. శుభ్రమైన అచ్చు ఉన్న పుటలో దిద్దవలసినవి కొద్దిగానే ఉంటాయి. కానీ పాత పుస్తకాలలో అది తడబడే చోట్లు ముందే తెలిసి ఉండాలి. అరసున్నను వదిలేస్తుంది, లేదా నిండు సున్న చేసేస్తుంది. ఒత్తులు అరిగిన చోట ద, ధలూ బ, భలూ కలిసిపోతాయి. పద్య పాదాలు గద్యంలో కరిగిపోతాయి. వరుస చివర విరిగిన మాట రెండు ముక్కలుగానే మిగులుతుంది; పుట చివర విరిగిన మాట సంగతి విడిగా చూసుకోవాలి. ఇవన్నీ రెండు మూడు రోజుల్లో అలవాటవుతాయి. అలవాటు కానిది ఇంకొకటుంది: విద్యార్థులు యంత్రం తప్పులతో పాటు పుస్తకాన్ని కూడా దిద్దడం మొదలుపెడతారు. "గుఱ్ఱము" కనిపిస్తే "గుర్రము" అని, "వాఁడు" కనిపిస్తే "వాడు" అని మార్చేసి, బాగుచేశామని సంతోషిస్తారు. వికీసోర్స్ నియమం ప్రకారం మూలంలో ఉన్నది ఉన్నట్టే ఉండాలి, అచ్చుతప్పు అయినా సరే. ఆ నిగ్రహం అలవడడానికి కొంతకాలం పట్టింది. పాత వర్ణక్రమాన్ని గౌరవించమని తరగతిలో నేను చెప్తూనే ఉంటాను, కానీ తాను దిద్దిన పుట వెనక్కి తిరిగి వచ్చినప్పుడే ఆ మాట చెవికెక్కుతుంది.

ప్రతి మార్పూ, అది చేసినవారి పేరూ, వేళా మార్పుల చరిత్రలో నిలిచిపోవడం ఈ వేదికలో మరో గొప్ప సదుపాయం. ఏ విద్యార్థి ఏ అక్షరం మార్చాడో, దాన్ని ఎవరు వెనక్కి మార్చారో పాత పాఠాన్నీ కొత్త పాఠాన్నీ ఎదురెదురుగా పెట్టి చూడవచ్చు. ఇంటర్న్‌షిప్పు లాగ్‌బుక్కుకు ఇంతకన్నా నమ్మదగిన ఆధారం ఏముంటుంది? గుంపులో ఒకరు పనిచేస్తే నలుగురికి మార్కులు వచ్చే మన ప్రాజెక్టుల సంప్రదాయానికి ఇక్కడ చోటు లేదు. అయితే ప్రతి విద్యార్థీ తన సొంత ఖాతాతోనే పనిచేయాలని మొదటి రోజే ఖచ్చితంగా చెప్పాలి. అసలు పేరుతోనే ఖాతా తెరవాలన్న నియమం లేదు. ముఖ్యంగా ఆడపిల్లలు కలం పేరు పెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

కాపీరైటు సంగతి చాలామంది చివర్లో చూసుకుంటారు. మొదటే చూసుకోవాలి, ఎందుకంటే పరిశోధన విషయాన్ని సగం అదే నిర్ణయిస్తుంది. మన 1957 నాటి చట్టం ప్రకారం, రచయిత బతికుండగా వెలువడిన పుస్తకాలపై హక్కు ఆయన మరణించిన సంవత్సరం ముగిసిన తరువాత 60 ఏళ్ళ వరకు ఉంటుంది. మొదట అది 50 ఏళ్ళే. 1941లో మరణించిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు 1991తో తీరిపోతున్న సందర్భంలో ఇంకో పదేళ్ళు కలిపారు. ఈ లెక్కన 1919లో మరణించిన వీరేశలింగం పుస్తకాలకు ఏనాడో చిక్కు తీరింది. నారాయణదాసు 1945లో, చిలకమర్తి 1946లో కన్నుమూశారు. వారు బతికుండగా వెలువడిన రచనలు 2006లో, 2007లో అందరివీ అయ్యాయి. 1957లో మరణించిన ప్రకాశం పంతులుగారివి 2018 నుంచి. దీనికి తోడు, స్కాన్ ప్రతులను దాచే వికీమీడియా కామన్స్ మన చట్టంతో పాటు అమెరికా చట్టాన్ని కూడా చూస్తుంది. 1996 జనవరి 1 నాటికి ఇక్కడ హక్కు మిగిలి ఉన్న పుస్తకాలకు అక్కడ ప్రచురణ నుంచి 95 ఏళ్ళ లెక్క వర్తిస్తుంది కనుక, మన దగ్గర స్వేచ్ఛగా అచ్చు వేసుకోగలిగినది అక్కడ ఇంకా హక్కుల కిందే ఉండవచ్చు. ఇలాంటి పుస్తకం తీసుకునే ముందు వికీసోర్స్‌లో అందరూ చర్చించుకునే పేజీ అయిన రచ్చబండలో అనుభవజ్ఞులను అడగడం ఉత్తమం. రచ్చబండలో ప్రశ్నకు మర్యాదగానే జవాబిస్తారు, కాకపోతే సముదాయం చిన్నది, అందరికీ ఉద్యోగాలూ సంసారాలూ ఉన్నాయి కనుక మన తొందరకు తగినట్టు వెంటనే రావాలని ఆశించకూడదు.

ఈ చట్టం లెక్కలతో ముడిపడిన ప్రశ్న ఒకటి మా విద్యార్థి ఒకడు వేశాడు, ఆ వేసవి మొత్తంలో అన్నిటికన్నా మంచి ప్రశ్న అదే. మనం తీసుకున్న నలుగురూ మగవాళ్ళే, నలుగురూ బ్రాహ్మణులే, నలుగురూ కోస్తావాళ్ళే. మరి ఇది వీధిబడి చరిత్ర ఎలా అవుతుంది అన్నాడు. జవాబు చెప్పడానికి మా ఇద్దరు అధ్యాపకులకూ కొంత సమయం పట్టింది. గుర్రం జాషువా పద్యాలలో చెప్పుకున్న ఆత్మకథను ఈ నాలుగింటి పక్కన పెడితే బడి బొమ్మ మొత్తం మారిపోతుంది. కానీ జాషువా 1971లో మరణించారు కాబట్టి 2032 జనవరి 1 దాకా ఆ పుస్తకాన్ని వికీసోర్స్‌లో ఎక్కించడానికి వీల్లేదు. నిజాం రాజ్యంలో చదువుకున్న దాశరథి కృష్ణమాచార్య 1987లో మరణించారు. ఆయన రచనలకు 2048 రావాలి. అంటే హక్కులు తీరిన పుస్తకాల మీదనే ఆధారపడితే, ముందుగా బడికి వెళ్ళగలిగి, ముందుగా పుస్తకం అచ్చు వేయించుకోగలిగి, ముందుగా కాలం చేసినవాళ్ళ జ్ఞాపకాలే చరిత్రగా మిగులుతాయి. వికీసోర్స్ లోపమని దీన్ని అనలేం. అయినా ఆ వేదికను పరిశోధనకు వాడుకునేవాళ్ళు ఈ సంగతి తెలియకుండా ముందుకు పోతే తప్పుదారి పడతారు. మేము జాషువా పుస్తకాన్ని అచ్చు ప్రతిలోనే చదివి, చేతితో గమనికలు రాసుకుని, ఆ భాగాన్ని విద్యార్థుల నివేదికలో విడిగా చేర్చాం. నిజం చెప్పాలంటే నివేదికలో బాగా వచ్చింది ఆ భాగమే.

వెతుకులాట విషయంలో వికీసోర్స్ మీద కొద్దిపాటి ఫిర్యాదుతో పాటు పెద్ద ప్రశంస కూడా ఉంది. "కోదండం" అని కొడితే దిద్దిన పుటలన్నిటిలో ఆ మాట ఎక్కడుందో క్షణంలో తెలుస్తుంది. పుటల బొమ్మలు మాత్రమే ఉన్న స్కాన్ సంపుటాలలో ఈ పని ఒక వేసవంతా పడుతుంది. కానీ పాత తెలుగులో ఒకే మాటను ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు. "కోదండము" వేరు, "కోదండం" వేరు. "బడి" కోసం వెతికితే "బళ్ళో" చిక్కకపోవచ్చు, "పాఠశాల", "చదువుల చావిడి" అన్నవాటి సంగతి సరేసరి. మాట చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతకడం నేర్పితే సగం ఇబ్బంది తీరుతుంది. మిగతా సగానికి విద్యార్థులే ఒక నోటుపుస్తకంలో పర్యాయపదాల పట్టిక వేసుకున్నారు. పాత మాటలకు అర్థం తెలియని చోట ఆంధ్రభారతి నిఘంటు శోధన పక్కన తెరిచి ఉంచుకోవడం మంచిది, శబ్దరత్నాకరంతో సహా ఎన్నో నిఘంటువులను ఒకేసారి చూపిస్తుంది.

పరిశోధన ఫలితాన్ని మాత్రం వికీసోర్స్‌లో పెట్టడానికి వీల్లేదు. అది ఇదివరకే ప్రచురితమైన రచనలకు చోటు. మన వ్యాఖ్య, మన వాదన అక్కడ నిలవవు. కనుక నివేదిక, పట్టికలు, గమనికలు వేరే చోట రాసుకోవాలి. ఇది తెలియక కొందరు విద్యార్థులు మొదట్లో నిరుత్సాహపడ్డారు గానీ, మూలం ఒక చోట, మన మాట మరో చోట ఉండడం పరిశోధకుడికి మంచి అలవాటేనని నేను అనుకుంటాను.

స్కాన్ ప్రతుల నాణ్యత గురించి ఒక హెచ్చరిక. మనకు అంతర్జాలంలో దొరికే పాత తెలుగు పుస్తకాలలో చాలా వరకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసినవి. ఆ పథకం వెనక ఉన్న రాజ్ రెడ్డి ఉమ్మడి చిత్తూరు జిల్లావారు, కంప్యూటర్ శాస్త్రంలో ఇచ్చే ట్యూరింగ్ పురస్కారం అందుకున్నవారు. ఆ పనే జరగకపోతే ఇప్పుడు మనం దిద్దడానికి పుటలే ఉండేవి కావు. ఆ పుస్తకాల ప్రతులు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో కూడా ఉన్నాయి. అయితే లక్షల పుస్తకాలను వేగంగా స్కాన్ చేసిన చోట పుటలు జారిపోవడం, రెండుసార్లు రావడం, పేరు రోమన్ లిపిలో వింతగా నమోదవడం సహజం. అందుకే పని మొదలుపెట్టే ముందు మొదటి పుట నుంచి చివరి పుట దాకా లెక్క చూసుకోవాలి. మా దగ్గర ఉన్న ఒక ప్రతిలో ఒక కాగితం, అంటే రెండు పుటలు, లేవు. అచ్చు ప్రతి ఉన్న ఒక గ్రంథాలయానికి వెళ్తే, అక్కడి ఉద్యోగి ఫోనుతో ఫొటో తీయడానికి ఒప్పుకోలేదు. రాతపూర్వకమైన అనుమతి కావాలన్నారు, అనుమతి ఇవ్వవలసినవారు సెలవులో ఉన్నారు. చివరికి ఆ రెండు పుటలను విద్యార్థినులిద్దరు అక్కడే కూర్చుని చేతితో రాసుకొచ్చారు, ఒకరు చదువుతుంటే ఒకరు రాస్తూ. బొమ్మ లేని పాఠాన్ని వికీసోర్స్‌లో పెట్టే వీలు లేక ఆ పుటలు చిక్కులున్న పుటల రంగులోనే మిగిలాయి.

ఇప్పుడు అధ్యాపకులకు కొంచెం ఇబ్బంది కలిగించే మాట. ఈ పని చాలా తేలికగా వెట్టిచాకిరీగా మారిపోతుంది. అధ్యాపకుడికి తన పీహెచ్‌డీకో వ్యాసానికో ఒక పుస్తకం టైపై కావాలి. సెలవుల్లో పిల్లలు ఖాళీగా ఉన్నారు. పుటలు పంచితే సరి. విద్యార్థికి మిగిలేది నొప్పెట్టిన వేళ్ళు, ఒక సర్టిఫికెట్. అచ్చుదిద్దడం పరిశోధన కాదు, పరిశోధనకు ముందు మెట్టు మాత్రమే. రెండు నెలల్లో మొదటి నెల పుటలకు, రెండో నెల ప్రశ్నలకు అని ముందే విభజించుకోకపోతే పుటలు మొత్తం కాలాన్ని మింగేస్తాయి, ఎందుకంటే ఆకుపచ్చ గళ్ళు పెరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది, ప్రశ్నలు అలా పెరిగేవి కావు. ప్రతి విద్యార్థీ తాను దిద్దిన పుటల్లోంచే తన ప్రశ్న తాను రాసుకోవాలని మేము పెట్టుకున్న షరతు వల్లే 'ఇది వీధిబడి చరిత్ర ఎలా అవుతుంది' అన్న కుర్రాడి ప్రశ్న పుట్టింది. నా ప్రశ్నలు పంచిపెట్టి ఉంటే అది రాదు. అలాగే నివేదికలో ఎవరు రాసిన భాగం కింద వారి పేరే ఉండాలి. అధ్యాపకుల పేర్లు ముందు వేసి విద్యార్థులకు కృతజ్ఞతలు చెప్పే అలవాటును ఇక్కడ పాటించకపోవడం మంచిది.

పరికరాల విషయానికొస్తే, దీనికి కంప్యూటరు కావాలి. ఫోను తెర మీద బొమ్మా పాఠ్యమూ పక్కపక్కన ఇమడవు. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఉన్నది ఫోనే. కళాశాల ల్యాబు సెలవుల్లో తెరిపించడానికి పడిన పాట్లు వికీసోర్స్ ఖాతాలో వేయను గానీ, ఈ పని చేద్దామనుకునేవాళ్ళు ఆ అనుమతి ఏప్రిల్‌లోనే రాయించుకోవాలి. ఎండలు ముదిరాక మధ్యాహ్నం కరెంటు పోతే ల్యాబులో కూర్చోలేం కనుక మేము పొద్దున్నే మొదలుపెట్టి పదకొండు గంటలకు ఆపేవాళ్ళం. మధ్యాహ్నాలు అచ్చు పుస్తకాలకు, నోటుపుస్తకాలకు. అరసున్న, బండి ఱ, తెలుగు అంకెలు సులువుగా వచ్చే కీబోర్డును ముందే ఎంచుకుని అందరూ అదే వాడితే బోలెడు సమయం కలిసొస్తుంది.

ఖర్చు అంటూ వేదికకు ఏమీ లేదు, కానీ విద్యార్థికి భృతి కూడా ఏమీ లేదు. వేసవిలో పొలానికో దుకాణానికో వెళ్ళి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చే పిల్లవాడికి ఇది నష్టమే. కళాశాలో, పూర్వ విద్యార్థుల సంఘమో బస్సు ఛార్జీలకూ భోజనానికీ సరిపడా ఏదైనా ఇవ్వగలిగితే, ఇప్పుడు పాల్గొనలేకపోతున్నవాళ్ళు కూడా వస్తారు. అంత వరకు ఇది ఇంటి దగ్గర కాస్త వెసులుబాటు ఉన్న పిల్లలకే అందే సేవగా ఉంటుంది.

మొత్తం మీద భాష, సాహిత్యం, చరిత్ర చెప్పే డిగ్రీ అధ్యాపకులకు, పది మందికి మించని గుంపుతో చేసేట్టయితే, నేను దీన్ని నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. అరవై మంది తరగతికి తరగతిని దింపి, మార్కుల కోసం తలా ఇన్ని పుటలు అని విధించదలచినవారు మాత్రం దయచేసి దీని జోలికి రావద్దు. ఆ దిద్దుబాట్లను మళ్ళీ దిద్దవలసింది ఎక్కడో కూర్చున్న స్వచ్ఛంద సేవకులు. ఎంచుకునే పుస్తకం చిన్నదై ఉండాలి, అచ్చు శుభ్రంగా ఉండాలి, పుటలన్నీ ఉండాలి, రచయిత మరణించిన సంవత్సరం ఖాయంగా తెలిసి ఉండాలి. ఈ నాలుగూ మార్చిలోనే చూసుకుంటే జూన్ మొదటి వారానికి పని ఒక కొలిక్కి వస్తుంది. వచ్చే వేసవికి మేము ఆత్మకథలను పక్కన పెట్టి, 1905లో మరణించిన భండారు అచ్చమాంబ రాసినవాటి వైపు చూస్తున్నాం. ఆడపిల్లల చదువు గురించిన మా ప్రశ్న అలాగే మిగిలి ఉంది, ఆమె రచనలకు ఏ దేశపు చట్టంతోనూ పేచీ లేదు.